రొద ఎక్కడ పుడుతోంది? చిన్న రేడియోతో ఇంట్లో వెతుకులాట

నమస్కారం. ముందు ఈ చప్పుడు వినండి.

(చేతిలోని రేడియోను బల్ల మీది దీపం దగ్గరికి తెస్తారు. బర్రుమని రొద.)

ఇది మామూలు మీడియం వేవ్ రేడియో. బ్యాటరీల మీద నడుస్తోంది. స్టేషన్ ఏదీ లేని చోట ముల్లు ఆపి ఉంచాను. దీపంలో ఉన్నది తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు. ఇప్పుడు దాన్ని ఆర్పుతున్నాను.

(రొద ఆగిపోతుంది. సన్నటి బుస్సుమనే శబ్దం మిగులుతుంది.)

ఈ సాయంత్రం చెప్పదలుచుకున్నది దీని గురించే. ఇంట్లో రేడియో గీపెట్టినా, వైఫై ఆగి ఆగి వచ్చినా, కారు రిమోట్ ఒక్క వీధిలోనే మొరాయించినా, దానికి కారణమైన వస్తువు ఎక్కడో ఒకచోట కరెంటు మీదో బ్యాటరీ మీదో నడుస్తూ ఉంటుంది. కొత్త రౌటరు కొనేముందు ఆ వస్తువును పట్టుకోవచ్చు. పద్ధతి తెలియాలి, కాస్త ఓపిక ఉండాలి. అంతకుమించి పెద్ద ఖర్చేమీ లేదు.

వేల్స్‌లో పొవిస్ ప్రాంతంలో అబెర్‌హోసన్ అనే చిన్న పల్లె ఉంది. ఏడాదిన్నర పాటు అక్కడ రోజూ ఉదయం ఏడింటికి ఊరంతటికీ ఇంటర్నెట్ పడిపోయేది. అక్కడి ఫోను లైన్లు చూసుకునే ఓపెన్‌రీచ్ సంస్థ ఇంజనీర్లు కేబుళ్లు కూడా మార్చి చూశారు, లాభం లేకపోయింది. చివరికి ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద ఉందో చూపించే స్పెక్ట్రమ్ అనలైజర్ పట్టుకుని ఉదయం ఆరింటి నుంచే ఊళ్లో తిరగడం మొదలుపెట్టారు. ఏడు కొట్టేసరికి పరికరంలో విద్యుత్ రొద ఒక్కసారిగా పైకి లేచింది. దాని వెంటపడి వెళ్తే ఒక ఇంట్లో ఎవరి దగ్గరో కొన్న పాత టీవీ దొరికింది. ఇంటివాళ్లు రోజూ ఏడింటికి దాన్ని పెట్టేవాళ్లు. సంగతి తెలిసి ఎంతో నొచ్చుకుని, ఇక దాన్ని వాడబోమన్నారు. 2020 సెప్టెంబరులో ఈ వార్త దేశదేశాలు తిరిగింది.

ఇందులో అసలు ఆధారం ఏడు గంటలన్న మాట. అది మొదటి రోజు నుంచీ ఊరందరికీ తెలుసు. అందుకే ఈ వేటలో మొదటి పరికరం నోటుబుక్కు అంటాను. రొద ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, అప్పుడు వాన పడుతోందా, కరెంటు ఉందా, ఇవన్నీ ఒక వారం రాసుకోండి. సాయంత్రం వీధిలైట్లు వెలిగే వేళకు మొదలై తెల్లారేసరికి ఆగితే వీధిలైటును అనుమానించాలి. పొద్దెక్కాక మొదలై, మబ్బు పట్టినప్పుడు తగ్గి, పొద్దుగూకగానే పోతే ఎవరి మేడ మీదో ఉన్న సోలార్ ఇన్వర్టరు. ఇంట్లో వాళ్లు నీళ్ల మోటారు వేసినప్పుడల్లా వస్తే ఇక చెప్పేదేముంది.

అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. అబెర్‌హోసన్‌లో ఇంటర్నెట్ వచ్చింది రాగి తీగ మీద. రాగి తీగ తన పక్కనున్న రొదను కూడా లోపలికి లాగేసుకుంటుంది. మనకిప్పుడు చాలాచోట్ల ఇంటిదాకా ఫైబరే వస్తోంది. అందులో నడిచేది వెలుగు కాబట్టి ఏ టీవీ రొదా దాన్ని తాకదు. మన కష్టాలు ఫైబరు డబ్బా నుంచి ఫోనుదాకా ఉన్న ఆ పది అడుగుల గాలిలో మొదలవుతాయి. దాని సంగతి తర్వాత.

ముందు బల్బులోకి వెళ్దాం. మన ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏసీని బల్బు లోపలి డయోడ్లు డీసీగా మారుస్తాయి. అది శిఖరం దగ్గర 325 వోల్టులదాకా ఉంటుంది. దాన్ని ఎల్‌ఈడీలకు కావలసినంతకు తగ్గించడానికి ఒక చిప్ కరెంటును సెకనుకు యాభై వేల నుంచి లక్షసార్లు తెంపి కలుపుతూ ఉంటుంది. సెల్‌ఫోన్ చార్జరు, ల్యాప్‌టాప్ అడాప్టరు, సెట్‌టాప్ బాక్సు, ఆర్‌ఓ ఫిల్టరు అడాప్టరు, అన్నింటి లోపలా జరిగేది ఇదే. ఇలా తెంపి కలపడం వల్ల కరెంటు ఆదా అవుతుంది, డబ్బా చిన్నదవుతుంది. కానీ తెంపడం ఎంత చురుగ్గా ఉంటే అంత పైస్థాయి ఫ్రీక్వెన్సీలు పుడతాయి. 60 కిలోహెర్ట్జ్‌తో నడిచే చిప్ 120, 180, 240 అంటూ అరవై గుణకాలన్నిట్లో కాస్త కాస్త రొద చల్లుకుంటూ పోతుంది. మీడియం వేవ్ మన దగ్గర 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. కాబట్టి 540 దగ్గర ఒకటి, 600 దగ్గర ఒకటి, 660 దగ్గర ఒకటి, ఇలా బ్యాండంతా నిండిపోతుంది.

దీన్ని మీరే కొలవచ్చు. అంకెలు చూపించే డిజిటల్ రేడియో ఉంటే బల్బు పక్కన పెట్టి మెల్లగా ట్యూన్ చేయండి. రొద గట్టిగా వినిపించిన ప్రతిచోటా అంకె రాసుకోండి. పక్కపక్క అంకెల మధ్య తేడా చూస్తే అది ఇంచుమించు సమానంగా వస్తుంది. ఆ తేడాయే లోపలి చిప్ వేగం. బల్బు విప్పకుండా, ఏ మీటరూ లేకుండా దాని లోపలి గడియారాన్ని కొలిచినట్టే. ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించదగ్గ ప్రయోగం ఇది. కొన్ని చిప్‌లు వేగాన్ని కావాలనే అటూఇటూ ఊపుతుంటాయి. అలాంటప్పుడు శిఖరాలు వెడల్పుగా, అలుక్కుపోయినట్టు వినిపిస్తాయి.

మరి బర్రుమనే ఆ గొంతు ఎక్కడిది? కరెంటును కాసేపు దాచుకునే భాగం కెపాసిటరు. బల్బు లోపలి కెపాసిటరు, కరెంటు తరంగం ప్రతి శిఖరం దగ్గరా ఒక గుటక తాగుతుంది. మనది 50 హెర్ట్జ్, ఒక్కో సైకిల్‌కు రెండు శిఖరాలు, అంటే సెకనుకు నూరు గుటకలు. ఆ నూరు హెర్ట్జ్ గొంతు వినపడిందంటే ఆ రొద కరెంటు మీద నడిచే వస్తువుదే. బ్యాటరీ మీద నడిచేది అలా పలకదు.

మంచి తయారీదారు బల్బులోకి కరెంటు ప్రవేశించే చోట ఒక చిన్న కాయిల్, ఒక కెపాసిటర్ పెడతాడు. చిప్ పుట్టించిన రొద ఇంటి వైరింగులోకి వెనక్కి పోకుండా అవి ఆపుతాయి. చౌక బల్బు విప్పి చూస్తే చాలాసార్లు బోర్డు మీద ఆ కాయిల్‌కు చోటు ముద్రించి ఉంటుంది, కాయిల్ ఉండదు. ఆ రెండు రంధ్రాల మధ్య ఒక తీగముక్క అతికించి ఉంటుంది. రెండు మూడు రూపాయలు మిగిలాయి, వీధిలో నాలుగు రేడియోలు మూగబోయాయి. లైట్ల రొద ఎంత మించకూడదో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని పేరు సిస్పర్ 15. ప్రమాణం లేక కాదు ఈ బాధ.

బల్బు చిన్నది. పది లక్షల హెర్ట్జ్ తరంగం పొడవు మూడు వందల మీటర్లు. అరచేతిలో పట్టే వస్తువు అంత పొడుగు తరంగాన్ని సొంతంగా గాలిలోకి వదలలేదు. ఇంటి వైరింగే దానికి ఏరియల్‌గా పనిచేస్తుంది. అందుకే బల్బు హాల్లో ఉన్నా వంటింటి స్విచ్‌బోర్డు దగ్గర రేడియో గోల చేస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది తప్పు వస్తువును పట్టుకుంటారు. గోడ దగ్గర గోల పెరిగితే అక్కడ వైరు ఉందని మాత్రమే అర్థం.

ఇప్పుడు వేట పద్ధతి. రేడియో తప్పకుండా బ్యాటరీ మీదే నడవాలి, మీడియం వేవ్ ఉండాలి. ఎఫ్‌ఎం పనికిరాదు, ఎందుకంటే ఎఫ్‌ఎం గ్రాహకం తరంగం ఎత్తులో వచ్చే మార్పులను పట్టించుకోకుండా ఉండేలా తయారైంది. మనం వెతికే రొద సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. స్టేషన్ లేని చోట ముల్లు ఆపి, వాల్యూమ్ మధ్యస్థంగా పెట్టి, మీటరు బోర్డులోని మెయిన్ ఎంసీబీ, అంటే ఇల్లంతటికీ కరెంటు ఆపే స్విచ్, దించేయండి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మెయిన్ దించగానే ఇన్వర్టరు అందుకుని సగం ఇంటిని వెలిగిస్తుంది, రొద అలాగే ఉంటుంది, "మనింట్లోది కాదు, బయటిది" అనేసుకుంటారు. పైగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు తానే పెద్ద రొద పుట్టిస్తుంది. కాబట్టి ముందు ఇన్వర్టరు స్విచ్ ఆపి, తర్వాత మెయిన్ దించాలి.

అప్పుడు రొద పోతే అది మీ ఇంట్లోదే. ఎంసీబీలు ఒక్కొక్కటే పైకెత్తండి. ఏది ఎత్తినప్పుడు రొద తిరిగి వచ్చిందో ఆ లైను మీద ఉన్న ప్లగ్గులన్నీ పీకి, ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. చార్జర్ల విషయంలో ఇంకో సంగతి. ఫోను తగిలించినప్పుడు నెమ్మదిగా ఉండే చార్జరు, ఖాళీగా ప్లగ్గులో ఉన్నప్పుడు ట్ర్... ట్ర్... అని ఆగి ఆగి పలుకుతుంది. పని లేనప్పుడు చిప్ నిద్రపోతూ లేస్తూ ఉంటుంది కాబట్టి అలా. రెండు స్థితుల్లోనూ పరీక్షించాలి.

చెవికి కాస్త అలవాటైతే ఎంసీబీల దాకా పోనక్కర్లేదు, గొంతును బట్టే వస్తువు తెలుస్తుంది. ఫ్యాను రెగ్యులేటర్ తీసుకోండి. టక్ టక్‌మని మెట్లు మెట్లుగా తిరిగేవి ఎక్కువగా కెపాసిటర్ల రకం, వాటికి రొద ఉండదు. మెట్లు లేకుండా నున్నగా తిరిగే రకంలో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. అది ప్రతి అరసైకిల్‌లోనూ మధ్యలో ఒక్కసారిగా కరెంటును వదులుతుంది. వేగం సగానికి పెట్టినప్పుడు రేడియో బాగా గోలపెట్టి, పూర్తి వేగానికి తిప్పగానే తగ్గిపోతే అది ట్రయాకే. సగం దగ్గర వోల్టేజి శిఖరం మీద ఉన్నప్పుడు స్విచ్ పడుతుంది, అందుకే ఆ దెబ్బ గట్టిది. మెట్ల రకం రెగ్యులేటర్ పెట్టిస్తే సరి. ఇండక్షన్ పొయ్యి 20 నుంచి 40 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. మంట తగ్గించి పెట్టినప్పుడు కొన్ని సెకన్లు నడిచి కొన్ని సెకన్లు ఆగుతుంది, రేడియోలోనూ రొద అలాగే వచ్చిపోతుంది.

ఇక ఒక గొంతు ఉంది, అది వినపడితే మాత్రం నిర్లక్ష్యం చేయకండి. బర్రుమని ఒకే తీరున ఉండదు. చిటపట, చిటపట, మధ్యలో ఆగి మళ్లీ చిటపట. అది తీగ వదులైన చోట లేచే నిప్పురవ్వ. గీజరు ప్లగ్గు, ఏసీ ప్లగ్గు, పాత స్విచ్, హోల్డరు, మీటరు దగ్గర న్యూట్రల్ స్క్రూ, ఎక్కడైనా కావచ్చు. గీజరు వేసినప్పుడే మొదలైతే ఆ ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో, సాకెట్ ప్లాస్టిక్ రంగు మారిందేమో చూడండి. చూడటం కూడా మెయిన్ దించాకే. ఇంట్లో అగ్నిప్రమాదాలకు ఇలాంటి వదులు జాయింట్లు ఒక ముఖ్య కారణం. పొగ రాకముందే, వాసన రాకముందే రేడియో దాన్ని చెప్పగలదు. స్క్రూ మీరు బిగించకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. స్విచ్ వేసినప్పుడు, ఆర్పినప్పుడు ఒక్క చిటుక్కు మాత్రం సహజం, దానికి భయపడక్కర్లేదు.

మెయిన్ దించినా రొద ఉందంటే బయటిది. ఇక్కడ రేడియో లోపలి ఫెరైట్ కడ్డీ, అంటే అయస్కాంత గుణమున్న పింగాణీలాంటి పదార్థంతో చేసిన కడ్డీ, అక్కరకొస్తుంది. పైకి లాగే ఏరియల్ ఎఫ్‌ఎం కోసం, షార్ట్ వేవ్ కోసం. మీడియం వేవ్‌కు డబ్బా లోపల పొడవునా అడ్డంగా ఒక నల్లటి కడ్డీ ఉంటుంది. కడ్డీ కొస రొద వచ్చే దిక్కుకు తిరిగినప్పుడు శబ్దం దాదాపు పడిపోతుంది, అడ్డంగా ఉన్నప్పుడు గట్టిగా వస్తుంది. గట్టిగా వచ్చే దిక్కు కంటే పడిపోయే దిక్కే కచ్చితంగా తెలుస్తుంది. ముందు తెలిసిన స్టేషన్‌తో అలవాటు చేసుకోండి. హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900, విశాఖ 927 కిలోహెర్ట్జ్, మీకు దగ్గరిది పెట్టి రేడియోను నేలకు సమాంతరంగా తిప్పితే ఆ పతనం ఎలా ఉంటుందో తెలుస్తుంది. తర్వాత రొద మీద ప్రయోగించండి. ఒకచోట నిలబడి దిక్కు గీసుకోండి, వంద అడుగులు పక్కకు వెళ్లి మళ్లీ గీసుకోండి. రెండు గీతలు కలిసే చోట వెతకాలి. కరెంటు తీగల కిందకు వెళ్లకూడదు, అక్కడ దిక్కులన్నీ తప్పుతాయి.

తీగల వెంట మీడియం వేవ్ రొద చాలా దూరం ప్రయాణం చేస్తుంది, నాలుగు వీధుల అవతలి స్తంభం కూడా ఇక్కడ వినిపిస్తుంది. కాబట్టి దగ్గరపడేకొద్దీ పైఫ్రీక్వెన్సీకి మారాలి. షార్ట్ వేవ్‌లో 15, 20 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా గట్టిగా ఉంటే చాలా దగ్గరకు వచ్చినట్టు. స్తంభం మీద రొదకు రెండు కారణాలు ఎక్కువ. ఒకటి వదులైన కట్టుతీగ, బోల్టు. ఇది ఎండాకాలంలో రెచ్చిపోయి వానకు తడవగానే సద్దుమణుగుతుంది. రెండోది ఇన్సులేటర్ మీద పేరుకున్న దుమ్ము, ఉప్పు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరాల్లో ఉప్పుగాలి పింగాణీ మీద పొర కడుతుంది. ఇది పొడిగా ఉన్నప్పుడు ఊరుకుని, మంచు పడ్డప్పుడు, తేమ పెరిగినప్పుడు చిరచిరలాడుతుంది. గట్టి వాన పడి కడిగేస్తే పోతుంది. అందుకే నోటుబుక్కులో వాన సంగతి రాయమన్నాను. స్తంభాన్ని తట్టడం, స్టే వైరును ఊపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. స్తంభం నంబరు రాసుకుని 1912కు ఫోను చేసి, "ఫలానా స్తంభం మీద స్పార్క్ అవుతోంది, ఎండలో ఎక్కువగా ఉంది" అని చెప్పండి. "రేడియో వినపడటం లేదు" అంటే ఎవరూ కదలరు. స్పార్క్ అంటే లైన్‌మన్‌కు అర్థమవుతుంది, అది నిజం కూడా.

ఇక్కడ రైతులెవరైనా ఉంటే ఈ మాట మీ కోసం. అడవిపందులు రాకుండా కట్టే సోలార్ ఫెన్సింగ్, అదే జట్కా మిషన్, సెకనుకు కాస్త అటూఇటుగా ఒక్కో పోటు పంపుతుంది. రేడియోలో అది టక్... టక్... అని గడియారంలా వినిపిస్తుంది. తీగ బాగుంటే ఆ టక్ మెత్తగా, కంచె పొడవునా ఒకేలా ఉంటుంది. ఎక్కడైనా తీగకు గడ్డి తగిలినా, ఇన్సులేటర్ పగిలినా అక్కడ రవ్వ లేచి టక్ ఒక్కసారిగా గట్టిపడుతుంది. రేడియో చేత్తో పట్టుకుని తీగకు నాలుగడుగుల దూరంలో నడుచుకుంటూ వెళ్లండి. రెండెకరాల కంచెలో లీకు ఎక్కడుందో కళ్లతో వెతకడం కంటే ఇది చాలా తొందరగా అవుతుంది. బాగుచేసేముందు మిషన్ ఆపడం మర్చిపోవద్దు.

దోషి దొరికాక ఏం చేయాలి? బల్బో చార్జరో అయితే మార్చేయడమే ఉత్తమం. మార్చలేని వస్తువైతే, దాని కరెంటు వైరును ఫెరైట్ రింగు చుట్టూ చుట్టాలి. పాత కంప్యూటర్ మానిటర్ కేబుల్ కొసన లావుపాటి ముడిలా ఉండేది ఇదే. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో విడిగా అడిగి చూడండి. చాలామంది ఒక క్లిప్ తగిలించి "ఏమీ తేడా లేదు" అంటారు. మీడియం వేవ్‌లో ఒక్క చుట్టుకు తేడా ఉండదు. అడ్డుకునే శక్తి చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. ఒక చుట్టుకు ఒకటైతే మూడు చుట్లకు తొమ్మిది, ఎనిమిది చుట్లకు అరవై నాలుగు. అందుకే రెండంగుళాలకు మించిన పెద్ద రింగు తీసుకుని ఏడెనిమిది చుట్లు చుట్టాలి. ఫేజు, న్యూట్రల్ రెండు తీగలూ కలిపే చుట్టాలి, విడదీయకూడదు. కలిపి చుట్టినప్పుడు పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, రెండు తీగల మీదా ఒకే వైపు పారే రొద ఒక్కటే ఆగుతుంది. రింగు వస్తువుకు జానెడు లోపలే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో మిగిలిన తీగే మళ్లీ ఏరియల్ అవుతుంది. ఫెరైట్ పింగాణీలాంటిది, కింద పడితే ముక్కలవుతుంది.

ఇక వైఫై. ఇక్కడ ఈ రేడియో పనికిరాదు. బల్బుల రొద కొన్ని పదుల మెగాహెర్ట్జ్‌కే చాలావరకు చచ్చిపోతుంది, వైఫై ఉండేది 2400 మెగాహెర్ట్జ్ పైన. ఇక్కడ దోషులు వేరు, వెతికే పద్ధతి వేరు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి, మీ రౌటరు అడ్రసుకు, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, ఆగకుండా పింగ్, అంటే జవాబు కోరే చిన్న సందేశం, పంపండి. బాగున్నప్పుడు రెండు నుంచి ఐదు మిల్లీసెకన్లలో జవాబు వస్తుంది. అలా నడుస్తుండగా మైక్రోవేవ్ ఓవెన్‌లో గ్లాసుడు నీళ్లు పెట్టి ఒక నిమిషం నడపండి. ఖాళీగా నడపకూడదు, లోపల మైక్రోవేవ్‌లను పుట్టించే మ్యాగ్నెట్రాన్ పాడవుతుంది. జవాబులు వందల మిల్లీసెకన్లకు పోయినా, మధ్యలో జవాబే రాకపోయినా దోషి తెలిసినట్టే. ఓవెన్ పనిచేసేది 2450 మెగాహెర్ట్జ్ దగ్గర. లోపల ఎనిమిది వందల వాట్లు తిరుగుతుంటే, మీ రౌటరు వదిలేది ఒక వాటులో పదోవంతు. మనిషికి హాని చేయనంత కొద్దిగా తలుపు సందుల్లోంచి కారినా వైఫైకి అది వరదే. రౌటరును 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, అంటే ఆ 2400 మెగాహెర్ట్జ్‌లోనే ఉండాల్సి వస్తే 1, 6, 11 చానళ్లలో ఒకటి ఎంచుకోండి. ఈ మూడే ఒకదాని మీదికొకటి రాకుండా ఇమిడేవి. 3లోనో 4లోనో పెట్టి తెలివిగా తప్పించుకున్నామనుకుంటే రెండువైపుల వాళ్లతోనూ గుద్దుకుంటారు.

ఇంకో దొంగ యూఎస్‌బీ 3. నీలిరంగు మూతి ఉండే ఆ పోర్టులో బయటి హార్డ్‌డిస్క్ పెట్టగానే పక్కనున్న వైర్‌లెస్ మౌస్ తడబడుతుంది. యూఎస్‌బీ 3 సెకనుకు 500 కోట్ల బిట్లు పంపే వేగంలో పుట్టే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద పడుతుంది. 2012లో ఇంటెల్ కంపెనీయే దీన్ని కొలిచి ప్రకటించింది. మౌస్ డాంగిల్‌ను, అంటే కంప్యూటరుకు తగిలించే దాని చిన్న రిసీవరును, మీటరు పొడవున్న మామూలు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా, మౌస్ దగ్గరికి తెచ్చి పెట్టండి. నూటికి తొంభైమంది మౌస్ మార్చేస్తారు, మారాల్సింది దాని చోటు.

ఓవెన్ మాట వచ్చింది కాబట్టి ఒక గొప్ప వేట గురించి చెప్పాలి. ఆస్ట్రేలియాలో పార్క్స్ దగ్గర 64 మీటర్ల రేడియో టెలిస్కోప్ ఉంది. 2007లో ఆ టెలిస్కోప్ పాత రికార్డుల్లోనే సుదూర ఆకాశం నుంచి వచ్చే క్షణకాలపు రేడియో మెరుపు మొదటిసారి దొరికింది. కానీ అచ్చం అలాంటివే ఇంకొన్ని కనపడ్డాయి. అవి నేల మీదివేనని అనుమానం. వాటికి పెరిటాన్లని పేరు పెట్టారు. వాటి వల్ల అసలు మెరుపును కూడా నమ్మాలా వద్దా అన్న సందేహం మిగిలింది. అవి ఎక్కువగా ఆఫీసు వేళల్లోనే, అందులోనూ మధ్యాహ్న భోజనం వేళకే వచ్చేవి. చూశారా, మళ్లీ గడియారమే. అక్కడి రొదను కనిపెట్టే కొత్త పరికరం పెట్టాక, ప్రతి పెరిటాన్‌తోపాటే 2.4 గిగాహెర్ట్జ్‌లో కూడా ఒక పోటు ఉందని తేలింది. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం గుట్టు విప్పింది. ఎవరో ఓవెన్ గంట కొట్టేదాకా ఆగలేక తలుపు లాగుతున్నారు. మ్యాగ్నెట్రాన్ ఆగిపోయే ఆ క్షణంలో 1.4 గిగాహెర్ట్జ్ చుట్టూ ఒక పోటు బయటికి తప్పించుకుంటోంది. మామూలుగా ఓవెన్ నడిపి ఆపితే రాదు, మధ్యలో తలుపు తెరిస్తేనే వస్తుంది, అదీ టెలిస్కోప్ ఆ వైపు తిరిగి ఉంటేనే. అందుకే అన్నేళ్లు పట్టింది. పెరిటాన్ల సంగతి తేలాకే అసలు మెరుపుల మీద నమ్మకం గట్టిపడింది. రొదను సరిగ్గా గుర్తించడం సైన్సుకు అడ్డు తొలగించడమే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం నార్త్ ఓమ్‌స్టెడ్‌లో 2019లో కొన్ని వీధుల్లో కారు తాళాల రిమోట్లు, గ్యారేజీ తలుపుల రిమోట్లు పనిచేయడం మానేశాయి. రకరకాల పుకార్లు పుట్టాయి. చివరికి రిసీవర్లతో తిరిగి వెతికితే ఒక ఇంట్లో దొరికింది. ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న ఒకాయన, పై అంతస్తులో మనుషులున్నారో లేదో నేలమాళిగలో తనకు తెలియడానికి బ్యాటరీతో నడిచే పరికరం సొంతంగా చేసుకున్నాడు. అది 315 మెగాహెర్ట్జ్‌లో ఆగకుండా పలుకుతూనే ఉంది. అక్కడి రిమోట్లదీ అదే ఫ్రీక్వెన్సీ. పరికరాలు సొంతంగా చేసేవాళ్లు ఈ సభలో ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. చౌకగా దొరికే 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్‌తో ఏదైనా చేస్తే, సందేశం పంపగానే ట్రాన్స్‌మిటర్ ఆగేలా ప్రోగ్రాం రాయండి. మాడ్యూల్‌కు సందేశం అందించే డేటా పిన్‌లో వోల్టేజి అలాగే ఉండిపోతే అది అరుస్తూనే ఉంటుంది, వీధిలో రిమోట్లన్నీ చెవిటివవుతాయి. నొక్కుకుపోయిన కాలింగ్ బెల్ బటన్ కూడా ఇదే చేస్తుంది.

మన ఊళ్లలో దీనికి పెద్దన్న మొబైల్ సిగ్నల్ బూస్టరు. అనుమతి లేకుండా దాన్ని పెట్టడం చట్టవిరుద్ధం. మేడ మీద ఒక యాంటెన్నా, లోపల ఒకటి. రెండింటి మధ్య సరైన దూరం, అడ్డుగోడ లేకపోతే లోపలిది వదిలింది పైది అందుకుని, పెంచి, మళ్లీ లోపలికి పంపుతుంది. మైకును స్పీకరు ముందుకు తెస్తే కూతపెట్టినట్టే అదీ కూతపెడుతుంది. ఆ కూత టవరు చెవిలో పడుతుంది, టవరుకు దూరంగా ఉన్న ఫోన్ల మాట వినపడదు. పెట్టుకున్నవాళ్ల ఫోనులో నాలుగు గీతలూ నిండుగా కనిపిస్తాయి, కాలనీలో మిగతా వాళ్ల కాల్స్ తెగిపోతాయి. కాలనీలో ఒక్కసారిగా అందరికీ సిగ్నల్ చెడిపోతే, అపార్ట్‌మెంట్ల మీద కొత్తగా వచ్చిన యాంటెన్నాలేమైనా ఉన్నాయేమో చూసి, మొబైల్ కంపెనీకి ఫిర్యాదులో ఆ సంగతి రాయండి.

ఎలక్ట్రిక్ కార్ల గురించి ఒక్క మాట. మోటారును నడిపే ఇన్వర్టరు రొద వల్ల మీడియం వేవ్ వినడం కష్టమని కొన్ని కంపెనీలు కార్లలో ఆ రేడియోనే తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తామని ప్రకటించి, అత్యవసర హెచ్చరికలు దాని మీదే వస్తాయని అభ్యంతరాలు రావడంతో 2023 మేలో వెనక్కి తగ్గింది. మన తీరానికి తుపాను హెచ్చరికలు ఎన్ని ఏళ్లు ఆకాశవాణి మీద వచ్చాయో పెద్దవాళ్లకు తెలుసు. కరెంటు, టవర్లు పోయినప్పుడు వంద మైళ్ల అవతలి నుంచి వినిపించేది మీడియం వేవే. ఇంటి రొదతో దాన్ని మనమే పూడ్చేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నేల మీది రొదంతా తీసేస్తే మిగిలేదేమిటి? 1930ల మొదట్లో అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీకి ఇచ్చిన పని ఇదే. సముద్రాల అవతలికి వెళ్లే టెలిఫోన్‌కు అడ్డుపడే రొద ఎక్కడిదో కనిపెట్టాలి. 20.5 మెగాహెర్ట్జ్‌కు గుండ్రంగా తిరిగే యాంటెన్నా కట్టాడు. దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు పక్కన పెట్టాక ఒక సన్నటి బుస్సు మిగిలింది. అది రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ, 23 గంటల 56 నిమిషాలకొకసారి వచ్చేది. అది నక్షత్రాల గడియారం. 1933లో అది పాలపుంత నుంచి వస్తోందని ప్రకటించాడు. తర్వాత 1937లో గ్రోట్ రీబర్ అనే ఆయన ఇల్లినాయ్‌లో తన ఇంటి పెరట్లో సొంత డబ్బుతో తొమ్మిదిన్నర మీటర్ల డిష్ కట్టి ఆ ఆకాశాన్ని పటం గీశాడు. మనకు హిందూపురానికి దగ్గర్లో, గౌరిబిదనూరులో 1970ల నుంచి 34.5 మెగాహెర్ట్జ్‌లో ఆకాశాన్ని విన్నారు. ఇప్పుడు యూఎస్‌బీకి తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటరుతో పనిచేసే చిన్న చౌక రేడియో రిసీవరు, దానికి ముందు ఒక తక్కువ రొద యాంప్లిఫయరు, మీటరు వెడల్పు డిష్ ఉంటే, 1420.4 మెగాహెర్ట్జ్‌లో పాలపుంత హైడ్రోజన్‌ను ఇంటి మేడ మీంచే పట్టుకుంటున్న ఔత్సాహికులు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు ముందు చేసే పని, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టు రొదను వదిలించుకోవడం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: ఈ వెతుకులాట ఫోనులో యాప్‌తో చేయలేమా అండి?)

చేయలేరండీ. ఫోనుకు మీడియం వేవ్ చెవి లేదు. వైఫై అనలైజర్ యాప్‌లు మంచివే, చుట్టుపక్కల ఏ రౌటరు ఏ చానల్లో ఉందో చూపిస్తాయి. కానీ అవి వైఫై భాష మాట్లాడేవాళ్లనే చూస్తాయి. ఓవెన్, యూఎస్‌బీ రొద వాటికి కనపడవు. అందుకే పింగ్ పద్ధతి చెప్పాను.

(సభ నుంచి: మా ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా సన్నగా వెలుగుతోంది. అది కూడా ఈ రొద వల్లేనా?)

అది వేరే జబ్బమ్మా, కానీ మంచి ప్రశ్న. మూడు కారణాలుంటాయి. స్విచ్‌లో ఎర్రగా వెలిగే చిన్న నియాన్ దీపం ఉంటే, అది స్విచ్ ఆపినప్పుడు బల్బు గుండానే కాస్త కరెంటు పోనిస్తుంది. దానికి ప్రమాదం లేదు, మామూలు స్విచ్ పెడితే పోతుంది. రెండోది, గొట్టంలో పక్కపక్కనే పొడుగ్గా నడిచే తీగల మధ్య కెపాసిటర్‌లా ఏర్పడి కారే కరెంటు. పాత ఫిలమెంటు బల్బుకు అది సోకేది కాదు, ఎల్‌ఈడీకి చాలు. మూడోది జాగ్రత్తగా చూడాల్సింది. స్విచ్‌ను ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద వేసి ఉంటే, స్విచ్ ఆపినా హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డరు రెండు పిన్నులనూ టెస్టరుతో చూడమనండి. ఏ పిన్ను దగ్గరైనా టెస్టరు నిండుగా వెలిగితే బోర్డులో ఫేజు, న్యూట్రల్ మార్చి వేయించాలి. మసకగా మాత్రమే వెలిగితే అది రెండోదే కావచ్చు, కచ్చితంగా తేల్చుకోవడానికి బోర్డు విప్పించి స్విచ్‌కు వచ్చే తీగ ఫేజేనా అని చూడమనండి. అలా చూసేదాకా ఆ గదిలో బల్బు మార్చాల్సి వస్తే మెయిన్ దించి, ఇన్వర్టరు కూడా ఆపి మార్చండి.